వర్చువల్ డేటాబేస్ క్లస్టర్లకు నెట్‌వర్క్ ఫ్లాష్ స్టోరేజ్: రూపకల్పన

నిర్వచనం, పరిధి

డేటాబేస్ సాఫ్ట్‌వేర్ వర్చువల్ మెషీన్లలో నడుస్తుంది. దాని డేటా మాత్రం ఆ మెషీన్లున్న సర్వర్లలో కాక, నెట్‌వర్క్ అవతల ఉన్న ఫ్లాష్ పరికరాల్లో ఉంటుంది. ఈ ఏర్పాటునే నెట్‌వర్క్ ఫ్లాష్ స్టోరేజ్ అంటారు. ఒకే డేటాబేస్‌ను రెండు లేదా అంతకుమించిన మెషీన్లు కలిసి మోస్తే అది క్లస్టర్. ఒక మెషీన్ పడిపోయినా మిగిలినవి పని అందుకోవాలన్నది క్లస్టర్ ఉద్దేశం. అందుకే డేటా ఏ ఒక్క సర్వర్ పెట్టెలోనూ చిక్కుకుపోకూడదు.

అమ్మకపు పత్రాల్లో పెద్ద అక్షరాలతో కనిపించే అంకె ఐఓపీఎస్, అంటే సెకనుకు ఎన్ని రీడ్లు, రైట్లు జరుగుతాయన్న లెక్క. రూపకల్పన చేసేవారు ఆఖరున చూడాల్సిన అంకె అది. లాగ్ (ప్రతి మార్పునూ ముందుగా నమోదు చేసే ఫైల్) రాయడానికి ఎంత సమయం పడుతుంది, దారిలో ఎక్కడెక్కడ క్యూ కడుతుంది, ఏదో ఒక భాగం పాడైతే మిగతాది ఎంతసేపు ఆగిపోతుంది అన్నవి అంతకంటే ముందు తేలాలి.

చరిత్ర

ఫ్లాష్ మెమరీని జపాన్‌లోని తోషిబా సంస్థలో ఫుజియో మసువోకా రూపొందించారు. నార్ రకాన్ని 1984లో, నేటి స్టోరేజ్‌కు ఆధారమైన నాండ్ రకాన్ని 1987లో ప్రకటించారు. 1991లో సన్‌డిస్క్ (తర్వాత శాన్‌డిస్క్ అయింది) 20 ఎంబీ ఫ్లాష్ డ్రైవ్‌ను ఐబీఎంకు అమ్మింది. ధర దాదాపు వెయ్యి డాలర్లు. ఆ ధరకు డేటాబేస్‌ను మొత్తంగా ఫ్లాష్ మీద పెట్టాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

2008 జనవరిలో ఈఎంసీ తన సిమ్మెట్రిక్స్ డీఎంఎక్స్-4లో 73, 146 జీబీ ఫ్లాష్ డ్రైవ్‌లు అమర్చుతామని ప్రకటించాక పెద్ద సంస్థల స్టోరేజ్‌లోకి ఫ్లాష్ అడుగుపెట్టింది. అప్పటిదాకా వేగం కావాలంటే డిస్కుల సంఖ్య పెంచడమే మార్గం. నిమిషానికి 15,000 సార్లు తిరిగే డిస్క్‌లో రీడ్ హెడ్ కదలడానికి మూడు నాలుగు మిల్లీసెకన్లు, కావలసిన చోటు తిరిగి రావడానికి సగటున 2 మిల్లీసెకన్లు పడతాయి. అంటే ఒక్క డిస్క్ నుంచి సెకనుకు సుమారు 180 రీడ్లే వస్తాయి. ఫ్లాష్ అదే రీడ్‌ను సుమారు 100 మైక్రోసెకన్లలో ముగిస్తుంది. డిస్కులతో సరిపెట్టుకునే రోజుల్లో ఇంజినీర్లు వందల డిస్కులు కొని, ఒక్కోదానిలో కొద్ది భాగమే వాడేవారు.

వర్చువలైజేషన్ కథ విడిగా సాగింది. వీఎంవేర్ ఈఎస్ఎక్స్ 2001లో వచ్చింది. నడుస్తున్న మెషీన్‌ను ఒక సర్వర్ నుంచి మరోదానికి మార్చే వీమోషన్ 2003లో వచ్చింది. కేవీఎం 2007లో లైనక్స్ కెర్నెల్‌లో భాగమైంది. డేటాబేస్ నిర్వాహకులు మాత్రం చాలాకాలం దూరంగానే ఉన్నారు, వారి జంకుకు కారణమూ ఉంది: ఒరాకిల్ రియల్ అప్లికేషన్ క్లస్టర్స్ (ర్యాక్) 2001లో 9ఐతో వచ్చినా, వీఎంవేర్ మీద దానికి ఒరాకిల్ మద్దతు 2010లో 11.2.0.2 నుంచి మాత్రమే లభించింది.

ఫ్లాష్ వచ్చినా దాన్ని చేరే భాష పాతదే. స్కసీ, ఏహెచ్‌సీఐ ప్రోటోకాల్‌లు తిరిగే డిస్కుల కాలానివి. ఏహెచ్‌సీఐలో ఒకే క్యూ, అందులో 32 ఆదేశాలకే చోటు. 2011 మార్చిలో వచ్చిన ఎన్‌వీఎంఈ 1.0 ఆ హద్దు చెరిపేసింది: 65,535 దాకా క్యూలు, ఒక్కోదానిలో 65,536 దాకా ఆదేశాలు. దాన్ని నెట్‌వర్క్ మీదికి తెచ్చిన ఎన్‌వీఎంఈ ఓవర్ ఫ్యాబ్రిక్స్ 2016లోను, మామూలు ఈథర్నెట్ మీద నడిచే ఎన్‌వీఎంఈ/టీసీపీ 2018లోను ఖరారయ్యాయి.

రకాలు

నేటికీ ఎక్కువగా కనిపించేది బ్లాక్ స్టోరేజ్. సర్వర్‌కు అది మామూలు డిస్క్‌లాగే కనబడుతుంది. ఫైబర్ ఛానల్, ఐస్కసీ, ఎన్‌వీఎంఈ ఓవర్ ఫ్యాబ్రిక్స్ దీన్ని చేరే దారులు. ఫైబర్ ఛానల్‌కు వేరే స్విచ్‌లు, వేరే కార్డులు, వేరే నైపుణ్యం కావాలి. నెట్‌వర్క్‌లో మామూలు రద్దీ అడ్డుపడని ప్రశాంతత అందుకు ప్రతిఫలం. 2004లో ప్రమాణమైన ఐస్కసీ ఉన్న ఈథర్నెట్ మీదే నడుస్తుంది.

ఫైల్ స్టోరేజ్‌లో ఎన్‌ఎఫ్‌ఎస్ ప్రధానం. ఒరాకిల్ 11జీలో వచ్చిన డైరెక్ట్ ఎన్‌ఎఫ్‌ఎస్ ఆపరేటింగ్ సిస్టమ్‌లోని ఎన్‌ఎఫ్‌ఎస్ క్లయింట్‌ను పక్కనపెట్టి డేటాబేసే నేరుగా స్టోరేజ్‌తో మాట్లాడేలా చేసింది.

మూడోది వితరణ పద్ధతి. 2014లో వచ్చిన వీఎంవేర్ వీసాన్, అంతకుముందు నుంచే ఉన్న సెఫ్ ఈ కోవవి. ఇక్కడ ప్రత్యేకమైన స్టోరేజ్ పెట్టె ఉండదు. సర్వర్లలోని ఫ్లాష్ డ్రైవ్‌లే నెట్‌వర్క్ ద్వారా ఉమ్మడి నిల్వగా మారతాయి. సెఫ్‌లో మూడు ప్రతులు ఉంచితే, మూడూ రాశాకే డేటాబేస్‌కు 'అయింది' అన్న జవాబు వెళ్తుంది. ముగ్గురిలో అందరికన్నా నెమ్మదైనవాడి వేగమే అందరి వేగం.

క్లౌడ్‌లో అమెజాన్ అరోరా వేరే బాట పట్టింది. డేటా పేజీలను నెట్‌వర్క్ మీద పంపడం మానేసి, లాగ్ రికార్డులను మాత్రమే పంపుతుంది. స్టోరేజ్ వైపే వాటి నుంచి పేజీలు తయారవుతాయి. మూడు జోన్లలో ఆరు ప్రతులు. నాలుగింటి నుంచి జవాబు వస్తే చాలు. ఆరింటి కోసమూ వేచి ఉండాల్సిన పని లేదు కనుక ఒకటి నెమ్మదించినా కమిట్ ఆగదు.

పని తీరు: రీడ్, లాగ్, క్యూ

డేటాబేస్ చేసే పనిని రెండుగా విడదీసి చూడాలి. పేజీలను అక్కడక్కడా చదవడం, రాయడం ఒకటి. ఎస్‌క్యూఎల్ సర్వర్, పోస్ట్‌గ్రెస్‌లలో పేజీ 8 కేబీ, మైఎస్‌క్యూఎల్ ఇన్నోడీబీలో 16 కేబీ. ఇవి ఒకేసారి వందల సంఖ్యలో సాగుతాయి, కాస్త ఆలస్యమైనా పూడ్చుకోవచ్చు. రెండోది లాగ్. కమిట్ చేసిన ప్రతి లావాదేవీ ముందు లాగ్‌లో పడాలి, అది పడ్డాకే వాడుకరికి జవాబు. ఒక్కో లాగ్ రాతకు 1 మిల్లీసెకను పడితే, వరుసగా సెకనుకు వెయ్యి రాతలే సాధ్యం. అనేక కమిట్లను ఒకే రాతలో గుదిగుచ్చే గ్రూప్ కమిట్ లేకపోతే ఎంత ఖరీదైన సర్వర్ అయినా అక్కడే కూలబడుతుంది.

మంచి ఫ్లాష్ అర్రేలు (అనేక ఫ్లాష్ డ్రైవ్‌లను కలిపి నడిపే స్టోరేజ్ పెట్టెలు) ఈ రాతను నాండ్ చిప్పుల దాకా పోనివ్వవు. కరెంటు పోయినా చెరగని మెమరీలో, రెండు ప్రతులుగా పడగానే జవాబిస్తాయి. చిప్పుల మీదికి తర్వాత తీరిగ్గా దించుతాయి.

ఇక క్యూలు. డేటాబేస్ ఇచ్చిన ఒక్క ఆదేశం గెస్ట్ ఆపరేటింగ్ సిస్టమ్, వర్చువల్ స్కసీ కంట్రోలర్, హైపర్‌వైజర్, సర్వర్ కార్డు, స్విచ్, అర్రే కంట్రోలర్, డ్రైవ్‌లను దాటాలి. ప్రతిచోటా ఒక క్యూ, ప్రతి క్యూకూ ఒక హద్దు. 1961లో జాన్ లిటిల్ నిరూపించిన సూత్రం ఇక్కడ అక్షరాలా పనిచేస్తుంది: సెకనుకు వచ్చే ఆదేశాలను ఒక్కోదానికి పట్టే సమయంతో గుణిస్తే, ఏ క్షణంలోనైనా దారిలో ఉన్న ఆదేశాల సంఖ్య వస్తుంది. లక్ష ఐఓపీఎస్, అర మిల్లీసెకను ఆలస్యం అంటే ఎప్పుడూ 50 ఆదేశాలు దారిలో ఉండాలి. వీఎంవేర్‌లో ఎల్ఎస్ఐ రకం వర్చువల్ కంట్రోలర్ ఒక్కో డిస్క్‌కు మామూలుగా 32 మాత్రమే అనుమతిస్తుంది. అక్కడితో ఆ డిస్క్ 64,000 దగ్గర ఆగిపోతుంది. ఆలస్యం 2 మిల్లీసెకన్లకు పెరిగితే 16,000కు పడుతుంది. పారావర్చువల్ స్కసీ కంట్రోలర్ పెడితే ఈ హద్దు 64. ఒక వర్చువల్ మెషీన్‌కు నాలుగు కంట్రోలర్ల వరకు పెట్టవచ్చు కనుక డేటా, లాగ్, తాత్కాలిక ఫైళ్లను వేర్వేరు డిస్కులుగా వేర్వేరు కంట్రోలర్ల మీద పంచడం అనుభవజ్ఞుల అలవాటు. పైసా ఖర్చు లేని ఈ మార్పును మరచి కొత్త అర్రే కొనడానికి పరుగెత్తేవారు తక్కువేమీ లేరు.

వర్చువలైజేషన్ తెచ్చే మరో చిక్కు కలగాపులగం. ఒక్కో డేటాబేస్ లాగ్‌ను వరుసగానే రాస్తుంది. ఇరవై మెషీన్ల వరుస రాతలు ఒకే హోస్ట్ నుంచి బయటికొచ్చేసరికి అవి చెల్లాచెదురు రాతలే. డిస్కుల కాలంలో ఇది ప్రాణాంతకం, ఫ్లాష్ తట్టుకుంటుంది.

ఫ్లాష్ అంతర్గతం: చెరపడం, అరుగుదల, రక్షణ (చూ. రెయిడ్)

నాండ్ చిప్‌లో రాత పేజీల లెక్కన జరుగుతుంది; చెరపడం మాత్రం ఎన్నో ఎంబీల బ్లాక్ లెక్కన. పలక మీద ఒక్క అక్షరం మార్చాలన్నా పలకంతా తుడవాల్సి వచ్చినట్టు. అందుకని డ్రైవ్ కొత్త రాతను ఖాళీ పేజీలో వేసి, పాతదాన్ని చెల్లనిదిగా గుర్తు పెట్టుకుంటుంది. తీరిక దొరికినప్పుడు చెల్లే పేజీలను వేరేచోటికి మార్చి, బ్లాక్‌ను చెరుపుతుంది. ఈ గార్బేజ్ కలెక్షన్ వల్ల డేటాబేస్ రాసిన దానికంటే చిప్ మీద పడే రాత ఎక్కువ. డ్రైవ్ నిండేకొద్దీ ఈ అదనపు భారం పెరుగుతుంది; 95 శాతం నింపిన అర్రే, 60 శాతం నింపిన అర్రే ఒకే తీరుగా నడవవు.

ఒక్కో సెల్‌లో ఒకే బిట్ దాచే ఎస్ఎల్‌సీ సుమారు లక్ష చెరుపులను తట్టుకునేది. మూడు బిట్ల టీఎల్‌సీ, నాలుగు బిట్ల క్యూఎల్‌సీ వచ్చేసరికి ఆ సంఖ్య కొన్ని వేలకు, అంతకన్నా తక్కువకూ దిగింది. కొనేవారు చూసే కొలమానం, రోజుకు డ్రైవ్ మొత్తాన్ని ఎన్నిసార్లు తిరగరాయవచ్చన్నది. 7.68 టీబీ డ్రైవ్, రోజుకు ఒకసారి, ఐదేళ్లు అంటే దాదాపు 14 పీబీ రాతలు. సాధారణ లావాదేవీల డేటాబేస్‌కు ఇది చాలా ఎక్కువే. అయితే డేటాబేస్ తన వంతుగా రాతను పెంచుతుందని గుర్తుంచుకోవాలి. సగం రాసిన పేజీ మిగలకుండా ఇన్నోడీబీ ప్రతి పేజీనీ రెండుసార్లు రాస్తుంది. పోస్ట్‌గ్రెస్ ప్రతి చెక్‌పాయింట్ తర్వాత మారిన పేజీని మొదటిసారి పూర్తిగా లాగ్‌లో వేస్తుంది.

రెయిడ్ విషయంలోనూ పాత లెక్కలు చెల్లుతాయి: చిన్న రాత ఒక్కదానికి రెయిడ్ 10లో రెండు, రెయిడ్ 5లో నాలుగు, రెయిడ్ 6లో ఆరు డిస్క్ పనులు. చాలా ఫ్లాష్ అర్రేలు చిన్న రాతలను పోగుచేసి పూర్తి వరుసగా ఒకేసారి రాసి ఈ జరిమానా తప్పించుకుంటాయి.

కంప్రెషన్, డీడూప్లికేషన్ అంకెలను జాగ్రత్తగా చదవాలి. డేటాబేస్ బ్లాకులకు ఎవరి హెడర్ వారిది కనుక డీడూప్లికేషన్ వల్ల పెద్దగా కలిసిరాదు. కంప్రెషన్ కలిసొస్తుంది, డేటాబేస్‌లోనే ఎన్‌క్రిప్షన్ పెట్టుకుంటే అదీ పోతుంది. ఎన్‌క్రిప్ట్ చేసిన డేటా కుదించుకోదు. ఈ సంగతి చెప్పకుండా '5:1 కుదింపు' అని రాసిన ప్రతిపాదన మీద సంతకం పెట్టడం దుస్సాహసం.

నెట్‌వర్క్ రూపకల్పన

బ్యాండ్‌విడ్త్ లెక్క సులువు. 8 కేబీ చొప్పున సెకనుకు లక్ష రీడ్లు అంటే 0.8 జీబీ, 10 గిగాబిట్ లింకు మోయగలదు. చిక్కంతా రాత్రి బ్యాకప్, నెలాఖరు నివేదికలతో. పెద్ద టేబుల్‌ను సెకనుకు 2 జీబీ చొప్పున చదివితే 25 గిగాబిట్ లింకు కావాలి. రెండూ ఒకే లింకు మీద పడితే లాగ్ రాతలు ఆ పెద్ద రీడ్ల వెనక నిలబడతాయి.

దారులు ఎప్పుడూ రెండు, అవి ఎక్కడా కలవకూడదు: రెండు కార్డులు, రెండు స్విచ్‌లు, అర్రేలో రెండు కంట్రోలర్లు. ఐస్కసీలో రెండు దారులకూ రెండు సబ్‌నెట్లు ఇచ్చి, పంపకాన్ని మల్టీపాత్ సాఫ్ట్‌వేర్‌కు వదలడం మేలు. స్విచ్ స్థాయిలో లింకులను ఒకటిగా కట్టేయడం దానికి బదులు కాదు. వీఎంవేర్ రౌండ్ రాబిన్ విధానం మామూలుగా 1,000 ఆదేశాలకు ఒకసారి దారి మారుస్తుంది. ఫ్లాష్ అర్రే తయారీదారులు చాలామంది దాన్ని 1కి తగ్గించమంటారు.

ఎన్‌వీఎంఈని ఆర్‌డీఎంఏ (అవతలి మెషీన్ మెమరీని నేరుగా చేరే పద్ధతి) మీద నడపడానికి తోడ్పడే రోసీ ఈథర్నెట్ దారుల్లో అన్నిటికన్నా తక్కువ ఆలస్యం ఇస్తుంది. కానీ ప్యాకెట్ పోని నెట్‌వర్క్ కోరుతుంది. స్విచ్‌లలో ఫ్లో కంట్రోల్ అమరిక ఒక్కచోట తప్పినా రద్దీ వెనక్కి పాకి సంబంధం లేని సర్వర్లనూ ఆపేస్తుంది. ఎన్‌వీఎంఈ/టీసీపీకి కొన్ని పదుల మైక్రోసెకన్లు ఎక్కువ పడినా మామూలు నెట్‌వర్క్ బృందం దాన్ని నడపగలదు. ప్రత్యేక సిబ్బంది లేని సంస్థకు రెండోదే నయం. 9,000 బైట్ల జంబో ఫ్రేమ్‌లు వాడితే దారిలోని ప్రతి పోర్టూ ఒప్పుకోవాలి. ఒక్కటి ఒప్పుకోకపోతే చిన్న పరీక్షలు నెగ్గుతాయి, పెద్ద రాతలు వేలాడతాయి.

క్లస్టర్ ప్రత్యేక అవసరాలు (చూ. ఒరాకిల్ ర్యాక్, ఎస్‌క్యూఎల్ సర్వర్)

ర్యాక్ వంటి క్లస్టర్లో అన్ని నోడ్లూ (క్లస్టర్‌లోని మెషీన్లు) ఒకే డిస్క్‌కు రాస్తాయి. వర్చువల్ డిస్క్ ఫైల్‌ను ఒకే మెషీన్‌కు తాళం వేసి ఇవ్వడం వీఎంవేర్ సహజ గుణం. ఆ తాళాన్ని సడలించే మల్టీ రైటర్ అమరిక ఇక్కడ తప్పనిసరి. ఎస్‌క్యూఎల్ సర్వర్ ఫెయిలోవర్ క్లస్టర్‌కు డిస్క్ మీద హక్కు చాటుకునే స్కసీ-3 పర్సిస్టెంట్ రిజర్వేషన్లు కావాలి. రెండు సందర్భాల్లోనూ నోడ్లు ఒకే భౌతిక సర్వర్ మీదికి చేరకుండా నిబంధన పెట్టాలి. లేకపోతే ఒక్క సర్వర్ పడితే క్లస్టరంతా పడుతుంది.

అన్నిటికన్నా తక్కువ శ్రద్ధ అందుకునేవి టైమౌట్లు. నోడ్ల మధ్య నాడి (హార్ట్‌బీట్) 30 సెకన్లు అందకపోయినా, ఏ నోడ్లు బతికున్నాయో తేల్చే ఓటింగ్ డిస్క్ 200 సెకన్లు అందకపోయినా ర్యాక్ ఆ నోడ్‌ను క్లస్టర్ బయటికి నెడుతుంది. అన్ని దారులూ తెగిన డిస్క్ కోసం వీఎంవేర్ హోస్ట్ 140 సెకన్లు చూస్తుంది. అర్రే కంట్రోలర్ మారడం, మల్టీపాత్ కొత్త దారి పట్టడం అన్నీ ఈ హద్దుల్లోపలే ముగియాలి. ఫర్మ్‌వేర్ నవీకరణ రోజున కాక, ప్రారంభోత్సవానికి ముందే కంట్రోలర్ తీగ లాగి చూసినవారికి జవాబు తెలుస్తుంది.

ఎస్‌క్యూఎల్ సర్వర్ 2012తో వచ్చిన ఆల్వేస్ ఆన్ అవెయిలబిలిటీ గ్రూపుల్లో డిస్క్ ఉమ్మడి కాదు, ప్రతి నోడ్‌కూ సొంత ప్రతి. ఆ ప్రతులన్నీ ఒకే అర్రే మీద పెడితే ఆ పద్ధతికి అర్థమే లేదు. ఆ ప్రతుల పేజీలు ఒకేలా ఉంటాయి కనుక డీడూప్లికేషన్ వాటిని ఒకే భౌతిక ప్రతిగా కలిపేసే అవకాశం కూడా ఉంది.

దూరం, విపత్తు రక్షణ

గాజు తీగలో కాంతి కిలోమీటరుకు దాదాపు 5 మైక్రోసెకన్లు తీసుకుంటుంది. రానూపోనూ 100 కిలోమీటర్లకు 1 మిల్లీసెకను. ఏ అర్రే దీన్ని తగ్గించలేదు. రెండోచోట రాశాకే కమిట్ అయ్యే సింక్రనస్ రెప్లికేషన్ అందుకే ఒకే నగరానికో, పొరుగు నగరానికో పరిమితం. ముంబై, హైదరాబాద్ మధ్య సరళరేఖలోనే 600 కిలోమీటర్లకు పైగా ఉంది. ప్రతి కమిట్‌కూ కనీసం 6 మిల్లీసెకన్లు చేర్చడమన్నమాట.

అయినా ఈ జంట మన దేశంలో సహజమైనదే. 2016 నాటి భారత ప్రమాణాల ప్రకారం ముంబై మూడో భూకంప మండలంలో, హైదరాబాద్ రెండో మండలంలో ఉన్నాయి. అమెజాన్ వెబ్ సర్వీసెస్ 2016లో ముంబైలోను, 2022 నవంబరులో హైదరాబాద్‌లోను తన కేంద్రాలు తెరిచింది. స్టాక్ ఎక్స్ఛేంజీల విపత్తు కేంద్రం వేరే భూకంప మండలంలో ఉండాలని, అది వీలుకాకపోతే కనీసం 500 కిలోమీటర్ల దూరం పాటించాలని సెబీ చెబుతుంది. ఒక్క బైటు కూడా పోకుండా చూసేందుకు దగ్గర్లో 'నియర్ సైట్' ఉండాలనీ అంటుంది. ఈ రెండు షరతులను కలిపి చదివితే మూడు కేంద్రాల రూపం దానంతటదే బయటపడుతుంది: దగ్గరి కేంద్రానికి సింక్రనస్, దూరానికి అసింక్రనస్.

వైఫల్యాలు: నమోదైన ఉదాహరణలు

2019 నవంబరులో హెచ్‌పీ ఎంటర్‌ప్రైజ్ తన కొన్ని ఎస్ఏఎస్ ఫ్లాష్ డ్రైవ్‌లు 32,768 గంటలు నడిచాక శాశ్వతంగా ఆగిపోతాయని హెచ్చరించింది. అది 3 ఏళ్ల 270 రోజుల 8 గంటలు. 32,768 అంటే రెండు 15వ ఘాతం కనుక కారణాన్ని చదువరులు ఊహించవచ్చు. ఫర్మ్‌వేర్ మార్చడమే విరుగుడు. రెయిడ్ లెక్కలన్నీ డ్రైవ్‌లు విడివిడిగా పాడవుతాయన్న ఊహ మీద కట్టినవి. ఒకే రోజు పెట్టిన డ్రైవ్‌లు ఒకే గంటకు చనిపోతే రెయిడ్ 6 కూడా కాపాడదు.

2018లో పోస్ట్‌గ్రెస్ అభివృద్ధి బృందం మరో లొసుగు బయటపెట్టింది. స్టోరేజ్‌లో రాత విఫలమైతే లైనక్స్ ఆ సంగతి ఎఫ్‌సింక్ పిలుపుకు ఒకసారి చెప్పి, ఆ పేజీని శుభ్రమైనదిగా గుర్తించేది. మళ్లీ పిలిస్తే 'అంతా బాగుంది' అనేది. దారులు తెగి అతుక్కునే నెట్‌వర్క్ స్టోరేజ్‌లో ఇది నిశ్శబ్దంగా డేటా పోగొట్టగల లొసుగు. 2019 ఫిబ్రవరి విడుదలల నుంచి పోస్ట్‌గ్రెస్ ఎఫ్‌సింక్ విఫలమైతే మళ్లీ ప్రయత్నించకుండా తనంతట తాను ఆగిపోయి, లాగ్ నుంచి కోలుకుంటుంది.

గూగుల్ డేటా కేంద్రాల్లోని డ్రైవ్‌ల మీద బియాంకా ష్రోడర్, సహచరులు 2016లో ప్రచురించిన పరిశీలనలో, రకాన్ని బట్టి 20 నుంచి 63 శాతం డ్రైవ్‌లలో మొదటి నాలుగేళ్లలో కనీసం ఒక్కసారైనా సరిదిద్దలేని లోపం కనిపించింది. ఖరీదైన ఎస్ఎల్‌సీ డ్రైవ్‌లు ఎంఎల్‌సీ కన్నా నమ్మదగినవని తేలలేదు.

పరీక్ష, కొలత

ఎఫ్ఐఓ అనే ఉచిత పనిముట్టు స్టోరేజ్‌ను నేరుగా కొలుస్తుంది. ఒరాకిల్ గుండా కొలవడానికి స్లాబ్, వివిధ డేటాబేస్‌లకు హ్యామర్‌డీబీ ఉన్నాయి. సున్నాలతో నింపిన ఫైల్ మీద కొలిస్తే కంప్రెషన్ ఉన్న అర్రే వాటిని రాయనే రాయదు, అంకెలు అద్భుతంగా వస్తాయి. కొత్త డ్రైవ్ మీద మొదటి గంటలో వచ్చిన ఫలితమూ అంతే. గార్బేజ్ కలెక్షన్ ఇంకా మొదలై ఉండదు. నిజమైన కొలతకు ముందు అర్రేను నింపి, తిరగరాసి, వేగం ఒక మట్టానికి వచ్చేదాకా ఆగాలి. సగటు ఆలస్యం కన్నా 99వ పర్సంటైల్ ఉపయోగకరం: వంద రీడ్లు చేసే లావాదేవీకి వందలో ఒకటి నెమ్మదించే రీడ్ దాదాపు మూడింట రెండుసార్లు ఎదురవుతుంది.

ఖర్చు, ప్రస్తుత ధోరణులు

చాలా క్లస్టర్ల హద్దులు గీసేది సాంకేతికత కాదు, లైసెన్సు. ఒరాకిల్ తన విధానంలో వీఎంవేర్‌ను లైసెన్సును కుదించే విభజనగా గుర్తించదు; వర్చువల్ మెషీన్ వెళ్లగల ప్రతి సర్వర్ కోర్లనూ లెక్కించాలంటుంది. దీన్ని ఒప్పుకోని వారూ ఉన్నా, ఒరాకిల్ మెషీన్లకు విడిగా చిన్న క్లస్టర్ కట్టి, దానికి విడి నెట్‌వర్క్, విడి స్టోరేజ్ ఇచ్చే పద్ధతి దీనివల్లే పాతుకుపోయింది. ఆ చిన్న క్లస్టర్లో కోర్లు స్టోరేజ్ కోసం ఖాళీగా ఎదురుచూసే ప్రతి క్షణానికీ లైసెన్సు ధర ఉంది. వేగవంతమైన ఫ్లాష్ ఖర్చును కొందరు ఇక్కడే రాబట్టుకుంటారు.

లాగ్‌కు సరిగ్గా సరిపోయిందనిపించిన ఇంటెల్ ఆప్టేన్ 2015లో ప్రకటితమై 2022లో మూతపడింది. ఆ చోటును బ్యాటరీ లేదా కెపాసిటర్ దన్నున్న మామూలు మెమరీయే తిరిగి తీసుకుంది. 2023 నవంబరులో వీఎంవేర్‌ను బ్రాడ్‌కామ్ కొని, శాశ్వత లైసెన్సులు ఆపి చందా పద్ధతికి మళ్లించాక కేవీఎం ఆధారిత వేదికల వైపు చూపు పెరిగింది. అక్కడ వీఎంవేర్ వీఎంఎఫ్ఎస్ వంటి ఉమ్మడి ఫైల్ వ్యవస్థ సాధారణంగా అంతర్భాగంగా రాదు. ఉమ్మడి బ్లాక్ డిస్క్‌ను ఎల్‌వీఎంతో పంచుకోవాలి, లేదా ఎన్‌ఎఫ్‌ఎస్‌కో సెఫ్‌కో మారాలి. ఏది ఎంచుకున్నా స్నాప్‌షాట్లు, థిన్ ప్రొవిజనింగ్, క్యూల అమరిక అన్నీ మళ్లీ మొదటి నుంచి పరీక్షించుకోవాల్సి వస్తోంది.